బాజీ విప్పిన శాలువా

పెళ్ళాం ఊరికెళ్తానంటే లోలోపల పండగ చేసుకునే మొగుళ్ళు అనకాపల్లిలో చాలామందే ఉన్నారు. బస్సు కదిలేదాకా మొహం వేలాడేసుకుని నిలబడి, అది మలుపు తిరగ్గానే తిన్నగా సినిమా హాలుకి పోయే రకం. పరుపుల బాజీ ఆ జాతి కాదు. అతని మొహం మామూలుగానే వేలాడుతూ ఉండేది. ఇంకా కిందకి దించడానికి అక్కడ చోటు లేదు.

అందుకే చాంద్‌బీ అన్నం వడ్డిస్తూ, "ఈ శాలువా అల్లడం అయిపోగానే నేను గొలుగొండ మా అక్క కాడికి ఎల్లిపోతాను" అన్నప్పుడు ఆ మొహంలో మార్పేమీ కనపడలేదు.

"ఎన్నాళ్ళు?" అన్నాడు.

"సూద్దాం."

ఈ 'సూద్దాం' అనే మాట చాలా చెడ్డది. పరుపు నొక్కి చూసి, బేరమాడి, "సూద్దాం" అని వెళ్ళినవాడు మళ్ళీ కొట్టు గుమ్మం తొక్కిన పాపాన పోడని బాజీ వ్యాపారంలో నేర్చుకున్న మొట్టమొదటి పాఠం. వెళ్ళొద్దు అనాలనిపించింది. అనలేక మజ్జిగ పొయ్యమన్నాడు.

ఆ ఇంట్లో ఇదివరకు మాటలకి కరువు ఉండేది కాదు. బాజీకీ చాంద్‌బీకీ ఒక్కతే కూతురు, ఖమర్జహాన్. వానాకాలంలో జ్వరం పట్టుకుంది, వదల్లేదు. తొమ్మిదేళ్ళ పిల్లకి మట్టి ఇచ్చి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ బాజీ ఆ పేరు ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. కూతురి మాట మానేశాక తక్కిన మాటలు కూడా ఒక్కొక్కటే మానుకుంటూ వచ్చి, ఆఖరికి "అన్నం", "మజ్జిగ", "తలుపేసుకో" అనే మూడు ముక్కల మీద సంసారం నడుపుతున్నాడు.

చాంద్‌బీ మాటలకి బదులు ఊలు పట్టుకుంది. కిందటేడు చైనా యుద్ధమప్పుడు జవాన్లకి చలిబట్టలు అల్లాలని ఊళ్ళో ఆడవాళ్ళంతా పోగైతే, ఆవిడ కూడా వెళ్ళి కొక్కెం సూదితో అల్లడం నేర్చుకుంది. యుద్ధం ఆగిపోయింది గాని ఆవిడ సూది ఆగలేదు. పిల్ల పోయాక మరీ పెరిగింది. జబ్బులో ఆ పిల్లకి ఏ కాస్త చేసినవాళ్ళకైనా సరే ఒక శాలువా అల్లి ఇవ్వడం మొదలుపెట్టింది.

ఎవరి శాలువా వారిదే. ఒకరి డిజైను ఇంకొకరికి వెయ్యదు. మందు పోసి ఇచ్చిన కాంపౌండరు త్రినాధరావుకి సీసాల వరసలు. రోజూ వచ్చి మంచం పక్కన కూర్చున్న పంతులమ్మ అప్పలకొండమ్మకి పలకల్లాంటి గళ్ళు. ఆస్పత్రికి తీసుకెళ్ళిన జట్కా ఎర్రయ్యకి అంచంతా చక్రాలు. అనకాపల్లి చలికి నిజానికి శాలువా అక్కర్లేదు, చేతులు కట్టుకుంటే సరిపోతుంది. అయినా ఇచ్చింది కాదనలేక అందరూ కప్పుకుని తిరిగేవారు. ఎర్రయ్య మిట్టమధ్యాహ్నం కూడా తియ్యకుండా చెమటలు కక్కుతూ జట్కా తోలేవాడు. ఆ వీధిలో ఎవర్ని చూసినా అప్పుడే సన్మానం చేయించుకుని వస్తున్నట్టు ఉండేవారు.

ఇవ్వాల్సినవాళ్ళందరికీ ఇచ్చేశాక నీలం ఊలుతో ఇంకోటి మొదలుపెట్టింది.

"ఇదెవరికి సాందమ్మా?" అని అడిగింది పక్కింటి కాసులమ్మ. ఆవిడకి ఏ సంగతి తెలిసినా సాయంత్రంలోగా బెల్లం మార్కెట్టు దాకా పాకిపోతుంది కాబట్టి ఊరంతా ఆవిణ్ణి టెలిగ్రాం కాసులమ్మ అంటారు.

"నాకే ఒదినా. గొలుగొండలో కొండగాలి. ఇది నేకుండా అక్కడ ఉండలేను."

"మరి నీకేటి డిజైను?"

"అదే తెలీటం నేదు. కాంపౌండరు గారికి సీసాలున్నాయి. ఎర్రయ్యకి సక్రాలున్నాయి. నాకేటున్నాయి? గళ్ళూ, గళ్ళ మద్దిన కన్నాలూ. అవే ఏసేత్తన్నాను."

ముందుగదిలో కొట్టు, వెనకగదిలో కాపురం. మధ్యన ఉన్నది తడిక. ఆ మాట బాజీకి వినపడింది. చేతిలో ఉన్న దిండుకి ఒకే పక్క రెండుసార్లు కుట్టేశాడు.

మర్నాడు బెల్లం కమీషను కొట్టు సన్యాసిరావు పాత పరుపులో దూది ఏకించుకోడానికి తెచ్చాడు. సన్యాసిరావుకి సలహా ఇవ్వడమంటే బెల్లం కంటే తీపి. బాజీ వాలకం చూసి కూపీ లాగాడు.

"ఆడోళ్ళని ఎల్లొద్దంటే మరీ ఎల్తారు బావా. నోటితో అనకూడదు. ఎల్లడానికి ఏది కావాలో దాన్ని పట్టుకోవాలి. ఓపాలి మా ఆవిడ పుట్టింటికెల్తానంటే నేను సెప్పులు దాసేసేను."

"ఆగిందా?"

"నా సెప్పులేసుకుని ఎల్లిపోయింది. అది వేరే సంగతి. ఉపాయంలో తప్పు నేదు."

నోటితో అనకూడదన్న ముక్క ఒక్కటే బాజీకి నచ్చింది. తనకి ఎలాగూ నోరు పెగలదు. శాలువా అయితేనే కదా ప్రయాణం. అది అవకపోతే? దాచేస్తే దొంగతనం అవుతుంది. ఆవిడ అల్లిన దాన్ని అల్లినట్టే కాస్త కాస్త విప్పేస్తూ ఉంటే ఎవరికి తెలుస్తుంది? ఇంత గొప్ప ఆలోచన తనకి ఎలా వచ్చిందా అని అతనికే ఆశ్చర్యం వేసింది.

సాయంత్రం వీధి కొళాయికి నీళ్ళు వచ్చే వేళకి చాంద్‌బీ బిందె పట్టుకుని వెళ్తుంది. కొళాయి దగ్గర కాసులమ్మ ఉంటుంది కాబట్టి బిందె నిండినా మనిషి రాదు. బాజీ పిల్లిలా వెనకగదిలోకి వెళ్ళి ఊలు బుట్ట తీశాడు. ఆఖరి మెలిక జారిపోకుండా పెట్టిన పిన్నీసు తీసి, దారం కొస పట్టుకుని లాగాడు. సర్రున వచ్చేసింది. పెళ్ళాం పొద్దుటినించీ వంగి కూర్చుని అల్లింది అంత తేలిగ్గా ఊడిపోవడం చూసి అతనికి గుండెలో కలుక్కుమంది. కలుక్కుమంటున్నా లాగుతూనే ఉన్నాడు. విప్పిన దారం ఉండకి చుట్టేసి, పిన్నీసు పెట్టేసి, కొట్లోకి వచ్చి దబ్బనం పట్టుకున్నాడు.

రాత్రి చాంద్‌బీ శాలువా చేతిలోకి తీసుకుంది. శాలువా వంక చూసింది, మొగుడి వంక చూసింది, వాసాల వంక చూసింది.

"ఇంట్లో ఎలకలు ఎక్కువైపోయేయండి."

"ఊఁ."

"ఊలు తింటన్నాయి."

"తింటాయి మరి. సలికాలం కదా."

వానాకాలం నించీ ఆ ఇంట్లో జరిగిన సంభాషణల్లో ఇదే పెద్దది.

అలా మొదలై అది రోజువారీ పనైపోయింది. పొద్దున్న శాలువా పెరుగుతుంది, సాయంత్రం తరుగుతుంది. చాంద్‌బీ ఏమీ అనదు. అల్లుతూ ఉంటుంది. కాసులమ్మ మాత్రం ఉండబట్టలేకపోయింది.

"ఏటి సాందమ్మా, నీ శాలువా ముందుకెల్తందా ఎనక్కెల్తందా? అప్పుడు మోకాలి దాకా ఉండీది. ఇప్పుడు సూత్తే అరిసెయ్యంత ఉంది."

"నా సెయ్యి పెద్దదైపోయిందేమో ఒదినా" అంది చాంద్‌బీ.

ఒక సాయంత్రం బాజీ అలవాటుగా బుట్టలో చెయ్యి పెట్టాడు. టప్పుమంది. ఊలు ఉండల కింద ఎలకల బోను ఉంది. అరవడానికి లేదు, పక్కింట్లో వింటారు. నోట్లో తువ్వాలు కుక్కుకుని, గదంతా ఒంటికాలి మీద గెంతి, వేలు ఊడదీసుకుని, బోనుని మళ్ళీ ఎక్కుపెట్టి, ఎక్కడిదక్కడ సర్దేసి వచ్చాడు. ఇంత బాధలోనూ ఆ రోజు వాటా విప్పడం మానలేదు.

"ఏలికేటైంది?" అంది చాంద్‌బీ అన్నం పెడుతూ.

"దబ్బనం గుచ్చుకుంది."

"రెండు పక్కలా గుచ్చుకుందా?"

"పెద్ద దబ్బనం."

వేలు వాచింది. తప్పక త్రినాధరావు దగ్గరికి వెళ్ళాడు. కాంపౌండరు సీసాల శాలువా కప్పుకుని కట్టు కడుతూ, మనిషి మంచివాడు, ఊరుకోలేక, "ఈ బల్ల మీదే కదా బాజీ, మీ అమ్మాయి కూకుని నా సీసాలన్నీ లెక్కెట్టీది" అన్నాడు. బాజీ లేచి నిలబడ్డాడు. సగం కట్టిన గుడ్డ వేలికి వేలాడుతుండగానే వీధిలోకి వచ్చేశాడు. దారంతా తోక తొక్కుకుంటూ నడిచినట్టు ఆ గుడ్డ తొక్కుకుంటూ ఇంటికి చేరాడు.

ఆ రాత్రి అతనికి బాగా భయం వేసింది. చాంద్‌బీ వెళ్ళిపోతే ఈ ఇంట్లో తనతో పాటు ఉండేది ఆ పిల్ల ఒక్కతే. ఆ పిల్ల పేరు తను ఎత్తలేడు. ఇద్దరు మాట్లాడుకోకుండా ఉండటానికి కూడా ఇద్దరు మనుషులు కావాలి. ఒక్కడే మాట్లాడకుండా ఉంటే దాన్ని ఏమంటారో అతనికి తెలియలేదు.

ఇంతలో ఇంకో ఇబ్బంది వచ్చింది. అల్లిన ఊలు విప్పి, విప్పింది మళ్ళీ అల్లి, అలా ఎన్నోసార్లు అయ్యేసరికి అది మెలికలు తిరిగి, పస చచ్చి, ఊరి కుక్క తోకలా తయారైంది.

"ఊలు సచ్చిపోయిందండి" అంది చాంద్‌బీ ఒక పూట. "ఎంత అల్లినా నిలబట్టం నేదు."

ఎలకలు ఊలు తింటాయి గాని చంపవు. దొరికిపోతానేమోనని బాజీకి చెమటలు పట్టాయి. ఆలోచించాడు. చచ్చిన దూది అతనికి కొత్త కాదు. పదేళ్ళు మనుషులు పడుకుని గడ్డకట్టిన పరుపు విప్పి, ఆ ఉండల్ని ఎండలో పోసి, కర్రతో కొట్టి, విల్లుతో ఏకితే మళ్ళీ పొంగి మల్లెపువ్వులా లేస్తుంది. తాత నుంచి వచ్చిన విద్య. దూదికి పనికొచ్చిన విద్య ఊలుకి ఎందుకు పనికిరాదు? శాలువా మొత్తం విప్పేసి, ఒక్కసారి ఏకేసి, కొత్తగా చేసి బుట్టలో పెట్టేస్తే ఊలు బతుకుతుంది, శాలువా మొదటికి వస్తుంది, ప్రయాణం ఎండాకాలానికి పోతుంది.

చాంద్‌బీ బిందె తీసుకుని వెళ్ళగానే శాలువా కొట్లోకి పట్టుకొచ్చాడు. కొస లాగాడు. ఈసారి ఆపలేదు. గళ్ళూ కన్నాలూ అన్నీ ఊడి గుట్ట పడ్డాయి. దాని మీద విల్లు దించి, గూటంతో నారిని మీటాడు.

టంగ్ మంది. ఊలు వెళ్ళి నారికి చుట్టుకుంది. దూది కూడా మొదట్లో మొరాయిస్తుంది కదా అని ఇంకొంచెం గట్టిగా మీటాడు. పోగులు పటపట తెగాయి. తెగినవి విచ్చుకున్నాయి. విచ్చుకోవడం చూసి బాజీకి హుషారు వచ్చింది. వానాకాలం తర్వాత అతనికి హుషారు రావడం అదే మొదలు. టంగు టంగుమని ఏకి పారేశాడు. నీలం నురుగు గుట్టలా పొంగింది. గాలిలోకి లేచి వాసాలకి పట్టింది, పరుపులకి పట్టింది, అతని మీసాలకీ కనుబొమలకీ పట్టింది. ఇంత బాగా ఏకడం తన జన్మలో కుదరలేదనుకున్నాడు.

గూటం కింద పెట్టాక కొస కోసం వెతికాడు. కొస లేదు. దూదిని దూదిగా పుచ్చుకుని దూదిగా తిరిగి ఇచ్చే వృత్తి అతనిది. దారం సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు. ఏకితే దారం మిగలదని అప్పుడు అర్థమైంది.

అదే సమయానికి చాంద్‌బీ బిందెతో గుమ్మంలోకి వచ్చింది. వెనకాలే కాసులమ్మ.

"ఇదేటి తమ్ముడూ" అంది కాసులమ్మ నెమ్మదిగా, "ఇల్లంతా నీలిమందు పెట్టేసేవు."

చాంద్‌బీ బిందె దించింది. వాసాల వంక చూసింది.

"ఎలకలేనా?"

"ఎలకలే" అన్నాడు బాజీ. మాటతో పాటు నోట్లోంచి కొంచెం ఊలు వచ్చింది.

"విల్లు కూడా పట్టేయా?"

బాజీ తల దించుకున్నాడు.

"బాగుంది" అంది చాంద్‌బీ. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండుననిపించింది బాజీకి. "ఇన్నాళ్ళూ శాలువా అవనేదని ఆగేను. ఇప్పుడు శాలువా నేదు, ఊలూ నేదు. ఇంక దేనికోసం ఆగాలి? కొట్లో బొంత ఒకటి తీసుకుంటాను. పొద్దున్న బస్సుకి ఎల్లిపోతాను."

ఇన్ని రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్న బాజీకి ఈ సంగతి తట్టలేదు. శాలువా సగంలో ఉన్నంతసేపే ఆవిడ ఆగేది. ఉన్న ఒక్క అడ్డాన్నీ తన చేత్తో తనే ఏకి పారేశాడు.

గుమ్మం పక్కన బల్ల కింద చాంద్‌బీ ప్రయాణానికి తీసిపెట్టుకున్న రేకు పెట్టె ఉంది. బట్టలన్నీ అందులోనే కదా అనుకుని, ఒక్క అంగలో వెళ్ళి దాని పిడి పట్టుకున్నాడు. ఎంత బరువుంటుందో అని, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. పెట్టె పువ్వులా లేచి వచ్చింది. బాజీ వెనక్కి పడ్డాడు. వెల్లకిలా, నీలం గుట్ట మధ్యలోకి. పెట్టె మూత తెరుచుకుని అతని పొట్ట మీద ఆగింది.

పెట్టెలో ఏమీ లేదు.

"బట్టలేవీ?" అన్నాడు పడుకునే.

"దండెం మీదున్నాయి. మీరు మొదటిసారి ఇప్పిన సాయంత్రమే పెట్టె ఖాళీ సేసేసేను."

"నీకు తెలుసా?"

"పిన్నీసు తిరగేసి పెట్టేరు. ఎలకలు పిన్నీసు పెట్టవు."

"ఎల్లవా మరి?"

"నన్ను ఆపాలని మీకున్నాదని తెలిసేక ఎలా ఎల్తాను? నోటితో ఎప్పుడంటారా అని సూత్తన్నాను."

"మరి రోజూ అల్లడం దేనికి?"

"నేనల్లుతాను, మీరిప్పుతారు. ఈ ఇంట్లో మనిద్దరం కలిసి సేసే పని అదొక్కటే మిగిలింది. అదీ మానేత్తే ఏటుంటాది?"

బాజీ వేలు చూసుకుని, "మరి బోను?" అన్నాడు.

"అది కోపంతో పెట్టేను."

బాజీకి లేవాలనిపించలేదు. పెట్టె పక్కకి తోసి, వాసాల నుంచి రాలుతున్న నీలం నలుసుల్ని చూస్తూ అలాగే ఉన్నాడు. ఊలు మెత్తగా ఉంది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"ఖమరు ఇలాగే దూకీది" అన్నాడు.

కాసులమ్మ తన బిందె ఎత్తుకుంది. తలుపు దగ్గరగా వేసి, ఒక్క మాట కూడా అనకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

"దూది ఏకడం అయిపోగానే ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి గుట్టలో దూకీది. నేను తిట్టీవోణ్ణి, మళ్ళీ ఏకాలని. ఇప్పుడు..." బాజీ పక్కనున్న ఊలు గుప్పిట పట్టాడు. "ఇప్పుడు ఏకడం అయిపోగానే గూటం పట్టుకుని కొంచెంసేపు ఆగుతాను. దూకుద్దేమోనని. దూకదని నాకు తెలుసు. తెలిసే ఆగుతాను. ఈ సంగతి ఎవరికీ సెప్పనేదు."

చాంద్‌బీ వచ్చి ఆ గుట్ట అంచున కూర్చుంది.

"నాకు తెలుసు" అంది. "లోపలికి ఇనిపిత్తాది. టంగు టంగుమంటా ఉండి టక్కున ఆగిపోద్ది. అది ఆగినప్పుడల్లా నేనూ సూది ఆపుతాను."

బయట బెల్లం బళ్ళు వరసగా మార్కెట్టుకి పోతున్నాయి.

"ఇంకోటి సెప్పండి" అంది చాంద్‌బీ.

"ఏటి?"

"దాని గురించే. నాకు తెలీనిది ఇంకోటి ఏదైనా."

బాజీ లేచి కూర్చున్నాడు. ఊలు చేతులతోనే మొహం తుడుచుకుని, మూడు తుమ్ములు తుమ్మి, చెప్పడం మొదలుపెట్టాడు.